కారు రాలేదు, ఈఎంఐ మాత్రం మొదలైంది

ప్రశ్న: ఐదు నెలల కిందట ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. ఎనిమిది నుంచి పది వారాల్లో ఇస్తామని సేల్స్ ఎగ్జిక్యూటివ్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ‘బండి వచ్చేస్తోంది, లోన్ పని పూర్తి చేసుకోండి’ అంటే నమ్మి మార్జిన్ మనీ కట్టాను. మిగతా సొమ్ము బ్యాంకు నేరుగా డీలర్‌కు పంపేసింది. రెండు ఈఎంఐలు పోయాయి, కారు రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా ‘వచ్చే వారం’ అంటున్నారు. పైగా ధర పెరిగింది, తేడా కట్టాలంటున్నారు. క్యాన్సిల్ చేస్తానంటే బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వరట. బుకింగ్ ఫారంలో డెలివరీ తేదీ లేదు, ‘సుమారుగా’ అన్న మాట మాత్రం ఉంది. కొత్తది వస్తోందని పాత కారు అమ్మేశాను. చాలా టెన్షన్‌గా ఉంది. చట్టం నాకేమైనా సాయం చేస్తుందా?

జవాబు: చేస్తుంది. కానీ ఇన్నాళ్లూ ఫోన్లలో నడిచిన వ్యవహారాన్ని మీరు ఈ రోజే కాగితం మీదికి తేవాలి. మీకు అన్యాయం జరగలేదని కాదు, జరిగిందని చూపించే కాగితం మీ చేతిలో తక్కువగా ఉంది. ‘వచ్చే వారం’ అన్న మాటను రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఎవరూ ఒప్పుకోరు.

ముందు తేదీ సంగతి. ఫారంలో తేదీ రాయలేదు కాబట్టి ఎప్పుడిచ్చినా ఫర్వాలేదని డీలర్ అనుకుంటే అది పొరపాటు. గడువు చెప్పని ఒప్పందాన్ని సమంజసమైన సమయంలో నెరవేర్చాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 46వ సెక్షన్ చెబుతోంది. సమంజసమైన సమయం అంటే ఎంత అన్నది ఆయా వ్యవహారాన్ని బట్టి తేలుతుంది. మీ విషయంలో దాన్ని తేల్చేది ఆ వాట్సాప్ మెసేజే. పది వారాలని వాళ్లే అన్నారు. ఆ మెసేజ్‌కు స్క్రీన్‌షాట్ తీసుకోండి, అసలు చాట్ మాత్రం తొలగించకండి, ఫోన్ మార్చినా పాత ఫోన్ దాచిపెట్టుకోండి. ఫ్లాట్ల కేసు ఒకదానిలో 2018లో సుప్రీంకోర్టు, ఒప్పందంలో తేదీ లేకపోయినా కొనుగోలుదారుణ్ని అంతులేకుండా ఎదురుచూసేలా చేయకూడదని చెప్పింది. అది ఇళ్ల గురించి వచ్చిన తీర్పే అయినా అదే వాదన మీకూ పనికొస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. డీలర్‌కు, కంపెనీ కస్టమర్ కేర్‌కు, ఇద్దరికీ ఒకే ఈమెయిల్ రాయండి. బుకింగ్ తేదీ, వేరియంట్, రంగు, మీరు కట్టిందెంత, బ్యాంకు పంపిందెంత, ఏ రోజు పంపింది, ఎన్ని ఈఎంఐలు పోయాయి, పాత కారు ఎందుకు అమ్మారు, అన్నీ రాయండి. నష్టాల సంగతి ఇప్పుడే చెప్పడానికి ఒక కారణం ఉంది. సహజంగా వచ్చే నష్టానికే కాక, ఒప్పందం చేసుకునేటప్పుడు రెండు పక్షాలకూ తెలిసిన నష్టానికి కూడా అదే కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. పాత కారు అమ్మి దీన్ని కొంటున్నారని బుకింగ్ రోజునే వాళ్లకు తెలిస్తే, దానికి సంబంధించిన మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. మీ రాష్ట్రంలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఉండి, దానికి ఆఖరి తేదీ దగ్గర పడుతుంటే అది కూడా రాయండి. మినహాయింపు గడువు దాటాక రిజిస్ట్రేషన్ అయితే ఆ భారం మీ మీద పడుతుంది.

ఆ ఈమెయిల్లో చివరగా, ఫలానా తేదీలోపు కారు అప్పగించాలని, లేకపోతే మొత్తం సొమ్ము వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని గడువు పెట్టండి. పదిహేను రోజులు చాలు. అదే ప్రతిని స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఇలా గడువు పెట్టాక కూడా కారు రాకపోతే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీ చేతికి వస్తుంది. వినియోగదారుల ఫిర్యాదుకు ముందు లీగల్ నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు, కానీ ఈ ఉత్తరం లేకుండా నా దగ్గరికి వచ్చిన ఎవరినైనా ముందు ఇదే రాయమంటాను.

అందులోనే మీకు కేటాయించిన కారు ఛాసిస్ నంబర్, ఇన్వాయిస్ కాపీ అడగండి. మీ ఉత్తరం మొత్తంలో ఇంత గట్టి ప్రశ్న ఇంకోటి లేదు. బండి కేటాయించకుండానే పూర్తి డబ్బు తీసుకున్నారా, లేక బండి యార్డులో ఉండి ఇన్వాయిస్ కూడా అయిపోయి మీకు ఇవ్వడం లేదా, రెండిట్లో ఏది నిజమో దాంతో తేలిపోతుంది. మొదటిదైతే ‘బండి వచ్చేస్తోంది’ అని చెప్పి లోన్ సొమ్ము రప్పించుకోవడం సేవాలోపానికి గట్టి ఆధారం. రెండోదైతే మీ కారు వారంటీ, ఇన్సూరెన్స్ అప్పుడే కరిగిపోతుండొచ్చు. ఎలక్ట్రిక్ కారులో ఖరీదైన భాగం బ్యాటరీ. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అని చాలా కంపెనీలు దానికి వారంటీ ఇస్తున్నాయి. అది ఏ రోజు నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా అడగండి. తయారైన నెల, సంవత్సరం డీలర్ ఇచ్చే అమ్మకం ధ్రువపత్రం ఫారం 21లో ఉంటాయి. నెలల తరబడి ఎండలో నిలబెట్టిన బండిని కొత్తదని అంటగట్టకుండా అది చూసుకోండి.

ఈఎంఐ మాత్రం ఆపకండి. కోపంలో చాలామంది చేసే తప్పు ఇదే. బ్యాంకుతో మీ ఒప్పందం వేరు, డీలర్‌తో వేరు. ఈఎంఐ ఎగ్గొడితే దెబ్బ తగిలేది మీ క్రెడిట్ స్కోరుకే. బ్యాంకుకు కూడా ఒక ఉత్తరం రాసి, వాహనం అందలేదని, ఆ డబ్బు డీలర్ దగ్గరే ఉందని చెప్పండి. కారు తనఖా మీద అప్పిచ్చిన బ్యాంకుకు కారు లేదని తెలిస్తే వాళ్లే డీలర్‌ను నిలదీయొచ్చు. ఈలోగా పోయిన వడ్డీ, క్యాన్సిల్ చేసి లోన్ ముందే మూసేస్తే పడే ఫోర్‌క్లోజర్ ఛార్జీ, క్యాబ్ ఖర్చులు అన్నిటికీ రసీదులు పెట్టుకోండి. అవన్నీ డీలర్ నుంచి అడగాల్సినవే.

ధర తేడా విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుందని ఫారం వెనుక చిన్న అక్షరాల్లో దాదాపు ప్రతిచోటా ఉంటుంది. పన్ను పెరిగితే ఆ పెంపు మామూలుగా మీరే భరించాలి, తగ్గితే లాభం కూడా మీదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64ఏ సెక్షన్ ఆ మాట చెబుతోంది. కంపెనీ తనంతట తాను పెంచిన ధర సంగతి వేరు. వాళ్లు చెప్పిన పది వారాల్లోనే కారిచ్చి ఉంటే మీకు పాత ధరే పడేది. తన ఆలస్యాన్ని తానే సొమ్ము చేసుకోకూడదన్నది మీ వాదన. పైగా పూర్తి డబ్బు ముందే తీసుకున్నారు. కారు మరీ అవసరమై తేడా కట్టక తప్పకపోతే, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని ఈమెయిల్ పెట్టి కట్టండి.

బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వబోమని వాళ్లు అనడం చెల్లదు. కారణం లేకుండా మీరే మనసు మార్చుకుంటే ఎంతోకొంత కోత పెట్టడానికి ఆ షరతు వాళ్లకు పనికి రావొచ్చు. ఇక్కడ మాట తప్పింది వాళ్లు. ఏకపక్షంగా రాసుకున్న షరతులతో కొనుగోలుదారుణ్ని కట్టిపడేయడం అనుచిత వ్యాపార పద్ధతేనని 2019లో సుప్రీంకోర్టు ఒక బిల్డర్ కేసులో తేల్చింది.

విడిభాగాలు దొరకడం లేదు, మా చేతుల్లో లేదు అని కంపెనీ అనొచ్చు. అది ఒక్కోసారి నిజమే. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు మోటార్లలో వాడే అయస్కాంతాల సరఫరాకు నిజంగానే ఇబ్బంది వచ్చింది. అయితే పని కష్టమైనంత మాత్రాన, ఖర్చు పెరిగినంత మాత్రాన ఒప్పందం అసాధ్యమైనట్టు కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగానే అసాధ్యమై ఒప్పందం చెల్లకుండా పోయిందనుకున్నా, తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాలని కాంట్రాక్ట్ చట్టంలో 65వ సెక్షన్ ఉంది. మీ తర్వాత అదే వేరియంట్ బుక్ చేసుకున్నవాళ్లకు అదే షోరూమ్‌లో కారు అందితే ఆ సంగతీ మీ ఉత్తరంలో రాయండి.

ఫిర్యాదు దాకా వెళ్తే డీలర్‌ను, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. డీలర్ తప్పుకు కంపెనీ దానంతట అదే బాధ్యత వహించదని 2021లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులోనే చెప్పింది. కంపెనీకి విషయం తెలుసని మీరు చూపించాలి. మొదటి ఈమెయిల్ ఇద్దరికీ పంపమన్నది అందుకే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. షోరూమ్ ఎక్కడున్నా సరే. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్ చాలు, గడువు రెండేళ్లు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. అంతకుముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలా వివాదాలు అక్కడే తెగిపోతాయి. వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సిన పని లేని కేసు మూడు నెలల్లో తేలాలని చట్టంలో ఉంది కానీ నిజంగా అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ సంగతి ముందే తెలుసుకుని దిగండి.

ఇక అందరూ మరిచిపోయే విషయం. మీ ఉత్తరం అందగానే కారు రావొచ్చు. ఆ సంతోషంలో డెలివరీ నోట్ మీద ‘సంతృప్తిగా అందుకున్నాను’ అన్నచోట సంతకం పెట్టేస్తారు. గడువు దాటాక ఇచ్చినదాన్ని ఏమీ అనకుండా తీసుకుంటే, ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి తర్వాత పరిహారం అడగడానికి వీల్లేదు. పరిహారం అడిగే ఉద్దేశం ఉంటే తీసుకునే సమయంలోనే తెలియజేయాలని కాంట్రాక్ట్ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. అందుకే సంతకం పక్కన మీ చేత్తోనే ఇలా రాయండి: ‘ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరే హక్కును వదులుకోకుండా ఈ వాహనాన్ని తీసుకుంటున్నాను.’ కింద తేదీ వేయండి. రాయనివ్వకపోతే షోరూమ్‌లో నిలబడి అదే వాక్యాన్ని ఇద్దరికీ ఈమెయిల్ చేసి, ఆ తర్వాతే తాళం తీసుకోండి.