అంతర్వేదికి ఒక్క వైపు కారు, రెండు వైపుల చార్జీ

ప్రశ్న: మా అమ్మకి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్లుగానో అంటోంది. హైదరాబాద్ నుంచి రైల్లో రాజమండ్రి వచ్చి కారు మాట్లాడుకుందామనుకున్నాం. రెండు రోజులు ఉంటాం, దింపి వెళ్లిపోతే చాలన్నాం. ఫోన్లో అడిగిన ముగ్గురూ రానూపోనూ డబ్బులే చెప్పారు. ఇది మోసం కాదా?
– పాఠకురాలు, మియాపూర్

జవాబు: కాదమ్మా. నేనూ అలాగే అడిగేవాణ్ణి. రాజమండ్రిలో 26 ఏళ్లు టాక్సీ తోలాను. మొదట అంబాసిడర్, తర్వాత ఇండికా, చివర్లో డిజైర్.

విజయవాడకో వైజాగ్‌కో డ్రాప్ అయితే తిరుగు బేరం ఎక్కడో ఒకచోట తగులుతుంది. అంతర్వేది అలా కాదు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఊరూ ఆగిపోతుంది, రోడ్డూ ఆగిపోతుంది. అక్కడికి వచ్చినవాళ్లు సొంత బండిలోనో బస్సులోనో వస్తారు, అందులోనే పోతారు. రాజోలు సెంటర్లో బండి ఆపి, టీ తాగే నెపంతో గంటసేపు ఎదురు చూసిన రోజులు నాకెన్నో ఉన్నాయి. టీ డబ్బులే అదనపు ఖర్చు. సుమారు వంద కిలోమీటర్లు ఖాళీ బండి తోలుకొచ్చినా డీజిల్ తగ్గదు కదా.

కాబట్టి బేరం ఆడాల్సింది దాని మీద కాదు. టోలు, పార్కింగు, డ్రైవర్ బేటా (అంటే అతని రోజు భత్యం), ఏసీ అన్నీ కలిపి ఎంతో ఒకే అంకె చెప్పించుకోండి. ఫోన్లో తక్కువ చెప్పి, దిగేటప్పుడు ఒక్కొక్కటే బయటికి తీసేవాళ్లున్నారు, మా స్టాండులోనూ ఉండేవారు. బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత కారు కిరాయికి తిప్పితే, ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ ఇవ్వకపోవచ్చు. వంద మిగులుతుందని అది ఎక్కకండి.

దారి సంగతి. రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా మూడు గంటలు పెట్టుకోండి. మ్యాపు ఇంకా తక్కువ చూపిస్తే నమ్మకండి. కోనసీమ రోడ్డు మీద కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి ముందు పడిందంటే దాని వేగమే మన వేగం. అమ్మగారికి ఓపికుంటే ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, లొల్ల వైపు పొమ్మనండి. కాలువ పక్కన చల్లగా ఉంటుంది, ఆత్రేయపురం పూతరేకులూ దొరుకుతాయి. తిరుగు ప్రయాణంలో కొనండి, వెళ్లేటప్పుడు కొంటే మీరు ఇల్లు చేరేసరికి పొడి అయిపోతాయి.

అసలు మీకు రాజమండ్రి కారే అక్కర్లేదేమో. ఈ మాట తోటి డ్రైవర్లు వింటే నన్ను తిడతారు. హైదరాబాద్ నుంచి నరసాపురానికే రైలుంది, రాత్రి ఎక్కితే ఉదయం దిగుతారు. ఆ ఊరికీ సఖినేటిపల్లికీ మధ్య ఉన్నది గోదావరి ఒక్కటే. పంటు మీద దాటి, అవతల ఆటో మాట్లాడుకుంటే గుడి దగ్గరే.

కానీ అమ్మగారి మోకాళ్లు. పంటు అంటే రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచినది. మనుషులూ మోటారు సైకిళ్లూ కార్లూ అన్నీ దాని మీదే. రేవు ఏటవాలుగా ఉంటుంది. సముద్రం దగ్గర కాబట్టి ఆటుపోట్లకి నీటిమట్టం మారుతుంది, ఎక్కే బల్ల ఒకసారి సాఫుగా, ఒకసారి నిటారుగా ఉంటుంది. పట్టుకుని నడిపించడానికి ఇద్దరుంటే పర్వాలేదు. కారుతో దాటినా సరే, బండి ఎక్కేటప్పుడు మనుషులు దిగిపోవాలి. నేను ఎవర్నీ లోపల కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. ఒక పెద్దాయన దీనికి అలిగి దారంతా మాట్లాడలేదు.

పంటును నమ్ముకుని రైలు టికెట్ తీయకండి. గోదావరికి వరదొస్తే ఆపేస్తారు, రాత్రి కూడా ఉండదు. ఒకసారి నరసాపురంలో రైలెక్కాల్సిన కుటుంబాన్ని తీసుకుని చీకటిపడ్డాక సఖినేటిపల్లి రేవుకి వచ్చాను. పంటు ఒడ్డున కట్టేసి ఉంది. ఎదురుగా ఊరి దీపాలు కనిపిస్తున్నాయి, వెళ్లే దారి లేదు. వెనక్కి తిప్పి మలికిపురం, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు చుట్టి నరసాపురం చేరేసరికి గంటకి పైనే పట్టింది. రైలు వెళ్లిపోయింది. తప్పు నాదే, ఆ రోజు కిరాయి తీసుకోలేదు.

మీ అమ్మగారికైతే నా సలహా ఇది. నరసాపురం రైలుకే రండి. స్టేషన్ దగ్గర కారు మాట్లాడుకుని చించినాడ వంతెన మీదుగా వెళ్లండి. చుట్టే గానీ మోకాలు కదపక్కర్లేదు. రెండోరోజుకి అదే డ్రైవర్‌ని రమ్మనండి. మాఘంలో భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో మాత్రం వద్దు, ఆ జనంలో కారు గుడి దరిదాపులకి పోదు.

ప్రశ్న: రాత్రి అక్కడే ఉంటే డ్రైవర్‌కి గది మేమే ఇవ్వాలా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: బేటా ఇస్తున్నాం కదా అని చాలామంది అడగరు, మేమూ నోరు తెరవం. సత్రంలో ఒక చాపా ఫ్యానూ ఇప్పిస్తే చాలు. నేనైతే ముందు సీటు వెనక్కి వాల్చి, అద్దం రెండు వేళ్లంత దించి పడుకునేవాణ్ణి. దించితే దోమలు, ఎత్తితే ఉక్క. తెల్లవారుజామున నాలుగింటికి మిమ్మల్ని ఎక్కించుకుని బండి తోలేది ఆ మనిషే.