కరివేపాకులో 'కరి' ఎవరు?

సందేహం: గజేంద్రమోక్షంలో కరి అంటే ఏనుగు. మరి కరివేపాకులో ఏనుగెందుకు వచ్చింది? ప్యాకెట్ మీద 'కర్రీ లీవ్స్' అని ఉంటుంది కాబట్టి కర్రీలో వేసే ఆకు అని మా అబ్బాయి వాదన. అన్నట్టు, మేం 'కరేపాకు' అంటాం. తప్పా?

సమాధానం: ముందు ఏనుగును సాగనంపుదాం. అది సంస్కృతం. కరం అంటే చెయ్యి, ఏనుగుకైతే తొండం. అది ఉన్నది కరి. 'కరి మింగిన వెలగపండు'లోదీ ఇదే. (అక్కడ కరి ఏనుగు కాదు, ఒక పురుగు అనేవాళ్లూ ఉన్నారు. ఆ తగాదా ఇంకోసారి.)

మన పోపులోది అచ్చమైన ద్రావిడ పదం. అర్థం నలుపు. కర్రావు అంటే నల్లావు. గొంతు నల్లనివాడు కనుక శివుడు కఱకంఠుడు. కన్నడిగులకు ఇప్పటికీ కరి అంటే నలుపే. వాళ్లు మిరియాలను కరిమెణసు అంటారు, కరివేపను కరిబేవు అంటారు. బేవు మన వేపే. అంటే ఇది నల్లవేప. ఆకు చూస్తే వేపాకులా ఉంటుంది, పండితే కాయ నల్లబడుతుంది. నిజానికి చెట్టుకు వేపతో దగ్గరి చుట్టరికం లేదు, నిమ్మ, మారేడు కుటుంబంలోది.

అలాగని మీ అబ్బాయిని కూరలో కరివేపాకులా తీసిపారేయలేం. తమిళంలో మామూలు 'ర'తో కరి అంటే బొగ్గు, బండి 'ఱ'తో కఱి అంటే కూర, మాంసం. సంగం కాలపు పద్యాల్లో ఈ కఱి మిరియాలు కూడా. ఇంగ్లీషు కర్రీ పుట్టింది దీన్నుంచే. తమిళుల్లోనే కొందరు కరువేప్పిలై అని నలుపును, కొందరు కఱివేప్పిలై అని కూరను తలుచుకుంటారు. మలయాళీలు ఱ వైపే. మనం బండి ఱను ఎప్పుడో వదిలేశాం కాబట్టి చెవికి రెండూ ఒకటే. నా మటుకు నేను తెలుగు మాట వరకు కన్నడం పక్కనే నిలబడతాను. తెలుగులో కూరను 'కరి' అనే అలవాటు లేదు మరి.

హిందీవాళ్ల 'కఢీ పత్తా' కథ వేరు. వాళ్ల కఢీ మన మజ్జిగపులుసు లాంటిది, మరిగించడమనే అర్థం నుంచి వచ్చిన మాట. ఇంగ్లీషులోనూ ఇంకో కర్రీ ఉంది. గుర్రం ఒళ్లు బ్రష్షుతో తోమడం! పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దానికి వంటింటితో సంబంధం లేదు.

ఇక కరేపాకు. రాతలో కరివేపాకు అనే రాయండి. నోటితో కరేపాకు అన్నా, తెలంగాణలో కల్యమాకు అన్నా తప్పేమీ లేదు.