కుక్కను ఇచ్చేస్తే పాపమా?

ప్రశ్న: మాది కడప. బాబు అడిగాడని నిరుడు మావారు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా లాబ్రడార్ పిల్లను తెచ్చారు. ఇప్పుడు దానికి ఏడాదిన్నర. చెప్పులు, పరుపులు, చివరికి వాషింగ్ మెషిన్ పైపు కూడా కొరికేసింది. ఇద్దరం ఉద్యోగస్తులం కాబట్టి పగలంతా మెట్ల కింద కట్టేస్తాం. మొన్న విప్పగానే మీదికి దూకితే మా అత్తమ్మ కింద పడ్డారు, చెయ్యి వాచింది. రాయచోటి దగ్గర తోట ఉన్న బంధువులు ఇమ్మంటున్నారు. ఆ మాట ఎత్తితే బాబు అన్నం మానేస్తున్నాడు. నోరు లేని జీవానికి పాపం చేస్తున్నానేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తమ్మ సంగతి చూడండి. ఈసారి చెయ్యి వాపుతో పోయింది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి తిరగడం చాలా కష్టం. మీరు ఏ నిర్ణయానికి వచ్చినా, ఆమె మసిలే చోటికి కుక్క రాకుండా వెంటనే అడ్డంగా చిన్న గేటు పెట్టించండి.

లాబ్రడార్లను వేటలో కూలిన పక్షుల్ని వెతికి, నోట కరిచి తేవడానికి పెంచుతూ వచ్చారు. కనిపించిందల్లా నోట పట్టడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. రెండేళ్లు దాటితే గానీ ఆ దుడుకు తగ్గదు, కొన్నింటికి ఇంకా ఆలస్యం. అలాంటిదాన్ని పగలంతా గొలుసుతో కట్టి ఉంచితే, విప్పిన క్షణాన ఎవరు ఎదురైతే వాళ్ల మీదికి ఎగురుతుంది.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. అడిగింది బాబు, తెచ్చింది మీవారు. ఇప్పుడు పాపభారం మోస్తున్నది మాత్రం మీరు. ఇది మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. ఆదివారం అందరూ కూర్చుని ఒక్కటే అడగండి: దీనికి రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట ఎవరు ఇస్తారు? ‘చూద్దాంలే’ అంటే ఒప్పుకోకండి.

మీవారు నిజంగా ముందుకొస్తే ఒక నెల చూడండి. మొదట పశువుల డాక్టరుకు చూపించి, ఒంట్లో బాగుందో లేదో తెలుసుకోండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. మన కడప ఎండలకు రోడ్డు కాలకముందే, తెల్లవారుజామునే నడిపించాలి. అన్నం గిన్నెలో పెట్టే బదులు, డాగ్ ఫుడ్ గింజల్ని పాత టవల్లో చుట్టి ముడి వేసి ఇవ్వండి. వాసన పట్టి, ముడి విప్పుకొని తినేసరికి సగం అలసిపోతుంది. మీదికి దూకితే అరవొద్దు, తోయొద్దు. దానికి అదీ ఆటే. వెనక్కి తిరిగి నిలబడి, నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే నిమరండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్లుంటారు. దానితో ఈ కొరుకుడు పోదు.

నెల తర్వాత కూడా గొలుసే గతి అయితే ఇచ్చేయండి. అది పాపం కాదని నేను గట్టిగా నమ్ముతాను. రోజూ పరిగెత్తనిచ్చే ఇల్లు దొరికితే దానికి అదే మేలు.

అయితే తోట అనగానే సరేననకండి. ఓసారి వెళ్లి, అక్కడ ఇప్పుడున్న కుక్క మెడ చూడండి. గొలుసు ఒరుసుకుని వెంట్రుకలు ఊడి ఉంటే మీ కుక్కకూ అదే గతి. పైగా లాబ్రడార్ కొత్తవాళ్లను చూసినా తోక ఊపుతుంది, కాపలాకు పనికిరాదు. రాత్రిళ్లు తోటలో ఒంటరిగా వదిలేయడానికైతే ఇవ్వకండి. దానితో ఆడుకునే పిల్లలు, తిరిగే మనుషులు ఉన్న ఇల్లు వెతకండి. కొరుకుతుందని, దూకుతుందని దాచకుండా చెప్పండి. టీకాల పుస్తకం చేతికిచ్చి, కుదరకపోతే రోడ్డున వదలకుండా మాకే తిరిగి ఇవ్వండని మాట తీసుకోండి. తిండీ నీళ్లూ లేక అల్లాడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

బాబు స్కూలుకు వెళ్లిన సమయం చూసి మాత్రం పంపించకండి. ‘ఇక్కడ అది రోజంతా కట్టేసి ఉంటోంది నాన్నా, మనం దానికి టైమ్ ఇవ్వలేకపోతున్నాం’ అని ఉన్నదున్నట్టు వాడికి చెప్పండి. కొత్త ఇల్లు చూడటానికి వెంట తీసుకెళ్లండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ‘దానికి బదులు ఇంకొకటి కొంటాలే’ అని మీవారు వాడికి మాటివ్వకుండా చూసుకోండి.