ఆటల చావడి: రాని బంగారం, తెగిన మూసీ

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే ఆట మీద వచ్చాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, కంప్యూటర్లో ఊరు కట్టి సైన్యంతో పోరాడే ఆట. 1999లో వచ్చింది, 2019లో డెఫినిటివ్ ఎడిషన్ పేరుతో కొత్త బట్టలేసుకుని మళ్లీ వచ్చింది, అప్పట్లో నెట్ సెంటర్లలో ఆడినవాళ్లు ఇప్పుడు ఆఫీసు అయ్యాక ఆడుతున్నారు. తెలియనివాళ్లకి ఒక్క ముక్క: ఇందులో రాండమ్ మ్యాప్ అంటే ఎవరో గీసిపెట్టిన పటం కాదు. ఒక టెక్స్ట్ ఫైల్లో నేల ఎంత, నీళ్లెక్కడ, అడవెంత, బంగారం ఎవరికి ఎంత దూరంలో అని రాసిపెడితే, ఆట దాన్ని చదివి ప్రతిసారీ కొత్త మ్యాపు తయారుచేస్తుంది. ఆ ఫైలు (దాన్నే స్క్రిప్టు అంటారు) మనమూ రాసుకోవచ్చు. గొడవలన్నీ అక్కడే మొదలు. (కమాండ్ల పేర్లు ఇక్కడ విడివిడిగా రాస్తున్నాను, ఫైల్లో మాత్రం మాటల మధ్య అండర్‌స్కోర్ ఉండాలి.)

ప్రశ్న: అన్నా, కుతుబ్‌షాహీల కాలం హైదరాబాద్ అని ఒక మ్యాపు రాస్తున్నా. గుట్టలు, చెరువులు, మూసీ అన్నీ పెట్టా. పెద్ద మ్యాపులో బాగానే వస్తోంది, టైనీ సైజులో మాత్రం ఒకరికో ఇద్దరికో బంగారం రావట్లేదు. ఒక్కోసారి అందరికీ వస్తుంది, అదే ఇంకా పిచ్చెక్కిస్తోంది. బంగారం లైన్లు ఎన్నిసార్లు చూసినా తప్పు లేదు, ఎర్రర్ కూడా చూపించట్లేదు. శనివారం ఫ్రెండ్స్ అందరం ఆడాలనుకున్నాం, టెన్షన్‌గా ఉంది. ఫైల్ పంపుతున్నా, చూడు. — బీటెక్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: చూశాను తమ్ముడూ. బంగారం లైన్లో నిజంగానే తప్పు లేదు, అందుకే అక్కడ ఎంత వెతికినా దొరకలేదు. నువ్వు వెతకాల్సింది దానికంటే పైన.

ఈ ఆట మ్యాపుని ఒక వరసలో కడుతుంది. ముందు నేల, తర్వాత ఎత్తుపల్లాలు, కొండచరియలు, ఆపైన అడవుల్లాంటివి, తర్వాత దారులు, అన్నిటికన్నా చివర వస్తువులు. బంగారం, రాళ్లు, జింకలు, గొర్రెలు, ఆఖరికి ఊరి మధ్యలో ఉండే టౌన్ సెంటర్ కూడా వస్తువుల కిందకే వస్తాయి. అంటే బంగారం వంతు వచ్చేసరికి మిగిలిన జాగాలోనే దానికి చోటు దొరకాలి. దొరక్కపోతే ఆట నోరు మెదపదు, ఆ వస్తువుని వదిలేసి తర్వాతి లైన్‌కి వెళ్లిపోతుంది. నీకు ఎర్రర్ రాకపోవడానికి కారణం ఇదే. ఆట లెక్కలో అది తప్పు కాదు, కుదరలేదంతే.

ఇప్పుడు నీ ఫైలు. వస్తువుల సెక్షన్లో అన్నిటికంటే పైన జింకలు పెట్టావు, ఆరు గుంపులు, వాటికి మిన్ డిస్టెన్స్ గ్రూప్ ప్లేస్‌మెంట్ 25 ఇచ్చావు. జింకల గుంపులు ఒకదానికొకటి దూరంగా ఉండాలన్నది నీ ఉద్దేశం. కానీ ఈ కమాండ్ జింకలతో ఆగదు. దాని తర్వాత పెట్టే ప్రతి వస్తువూ ఆ జింకలకి 25 టైల్స్ (మ్యాపు నేలలోని చదరపు గడులు) దూరంలో ఉండాలని ఆట అర్థం చేసుకుంటుంది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, నీ జింకలు నిలబడిన చోటే కాదు, చుట్టుపక్కల సీట్లన్నీ ఆపేశాయి. టైనీ మ్యాపు 120 టైల్స్ పొడవు, 120 వెడల్పు, మొత్తం 14,400. ఒక్కో జింకల గుంపు చుట్టూ 25 టైల్స్ దాకా ఎవరూ రాకూడదంటే ఆరు గుంపులూ కలిసి మ్యాపులో చాలా భాగం కమ్మేస్తాయి. అదే 200 టైల్స్ మ్యాపులో అయితే మొత్తం 40,000, అక్కడ ఇంకా బోలెడు ఖాళీ మిగులుతుంది, అందుకే పెద్దదాంట్లో నీకేమీ తెలియలేదు.

ఆ లైన్ ముందు టెంప్ అని చేర్చు, టెంప్ మిన్ డిస్టెన్స్ గ్రూప్ ప్లేస్‌మెంట్. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఇది పనిచేస్తుంది. అప్పుడు ఆ దూరం జింకల గుంపుల మధ్యనే ఉంటుంది, తర్వాత వచ్చేవాటి జోలికి పోదు. దాంతోపాటు జింకల్ని కిందకి దించి, ఆటగాడికి తప్పనిసరిగా కావాల్సినవి పైన పెట్టు. టౌన్ సెంటర్, మొదటి బంగారం, రాళ్లు, పళ్ల చెట్లు ముందు, సోకులు తర్వాత.

ఇంకోటి కూడా ఉంది. నీ బంగారం ఆటగాడికి కనీసం 12, ఎక్కువలో ఎక్కువ 14 టైల్స్ దూరంలో ఉండాలని రాశావు. అంటే ఊరి చుట్టూ సన్నటి గాజులాంటి వలయం, అందులోనే దొరకాలి. ఆ వలయం మీద ఇంతకుముందే అడవి వచ్చి కూర్చుంటే పని అయిపోయినట్టే. అడవి లైన్లో సెట్ అవాయిడ్ ప్లేయర్ స్టార్ట్ ఏరియాస్ అని చేర్చు, 14ని 17 చెయ్యి. శనివారానికి ఇది చాలు.

మళ్లీ ఇలాంటిది వస్తే, మాయమైన వస్తువు లైన్‌ని పట్టుకుని వేలాడకుండా దానికి పైనున్నవాటిని ఒక్కొక్కటే కామెంట్‌లో (ఆట చదవకుండా వదిలేసే రాతలో) పెట్టి మ్యాపు తయారుచేయించి చూడు. ఏది తీసేస్తే బంగారం తిరిగొచ్చిందో అదే దొంగ. ప్రతిసారీ ఆట మొదలుపెట్టి, పొగమంచులో తిరిగి వెతకక్కర్లేదు, ఆటలోనే ఉండే మ్యాపుల పనిముట్టు సినారియో ఎడిటర్లో మ్యాపు తయారుచేయిస్తే మొత్తం ఒకేసారి కనిపిస్తుంది.

ప్రశ్న: మూసీ నదిని మ్యాపు మధ్యలోంచి తీసుకెళ్లాలని ఎక్స్ అంకె 10 నుంచి 90 దాకా పెంచుతూ, వై 50 దగ్గరే ఉంచి నీళ్ల నేలలు వరసగా పెట్టాను. తెరమీద నది ఏటవాలుగా వస్తోంది. పైగా చిన్న మ్యాపులో నదిలా ఉన్నది, జయంట్ సైజులో గుంటల వరసలా అయిపోతోంది. — మలక్‌పేట పాఠకుడు

జవాబు: రెండిటికీ కారణం వేరువేరు. ఈ ఆటలో మ్యాపుని మూల మీద నిలబెట్టి చూపిస్తారు, కాబట్టి ఒక్క అంకె మార్చుకుంటూ పోతే గీత ఏటవాలుగానే వస్తుంది. 0, 0 అంటే తెరమీద ఎడమ మూల. కుడి మూల దగ్గర రెండు అంకెలూ 100 అవుతాయి. మూసీ మన ఊళ్లో పడమర నుంచి తూర్పుకి పోతుంది కదా, మీకు కావాల్సింది ఎడమ నుంచి కుడికి, అంటే రెండు అంకెలూ కలిసి పెరగాలి: 5 5, 10 10, 15 15, ఇలా 95 95 దాకా.

ఇక గుంటలు. నేల ఎక్కడ పడాలో చెప్పే ల్యాండ్ పొజిషన్ అంకెలు శాతాలు, అది ఎంత ఉండాలో చెప్పే బేస్ సైజ్ మాత్రం టైల్స్. ఈ తేడా పట్టించుకోకపోతే ఏ మ్యాపూ అన్ని సైజుల్లో ఒకేలా రాదు. మీరు బేస్ సైజ్ 6 పెట్టారు, అంటే మధ్య టైల్ నుంచి అటు 6 ఇటు 6, మొత్తం 13 టైల్స్ చదరం. పదేసి శాతం జరిపారు. 120 మ్యాపులో పది శాతం అంటే 12 టైల్స్, చదరాలు అంటుకున్నాయి. జయంట్ 240. అక్కడ పది శాతం 24 టైల్స్ అవుతుంది, మీ చదరం మాత్రం ఇంకా 13 దగ్గరే ఉంది. మధ్యలో ఖాళీ రాక ఏం చేస్తుంది? అయిదేసి శాతం చొప్పున జరపండి, బేస్ సైజ్ 7 చేయండి, జయంట్‌లో కూడా నది తెగదు.

నది పూర్తిగా నీళ్లయితే సైన్యం పడవలెక్కితే తప్ప దాటలేదని మర్చిపోకండి. మధ్యలో ఒకచోట నీళ్లకి బదులు షాలో నేల (లోతులేని నీళ్లు) పెడితే నడిచి దాటొచ్చు. మూసీ మీద పురానాపూల్ వంతెన కట్టింది 1578లో, నగరం పునాది 1591లో, కాబట్టి మీ మ్యాపులో దాటే చోటు ఒక్కటే ఉన్నా చరిత్ర మిమ్మల్ని తప్పుపట్టదు. ఆటగాళ్లు మాత్రం తిడతారు, రెండు పెట్టండి.

ప్రశ్న: గుర్తుండటానికి కామెంట్లు రాసుకున్నా, అప్పటినుంచి సగం మ్యాపు మాయం. కామెంట్ తీసేస్తే సరిగ్గా వస్తోంది. కామెంట్‌ని ఆట చదవకూడదు కదా? — ఉప్పల్

జవాబు: చదవకూడదు, కానీ కామెంట్ ఎక్కడ అయిపోయిందో దానికి తెలియాలి. ఈ స్క్రిప్టులో కామెంట్ గుర్తుకి, లోపలి మాటకి మధ్య ఖాళీ ఉండాలి. మీరు చివరి మాటకి నక్షత్రం గుర్తు అతికించేశారు, దాంతో కామెంట్ ముగియలేదు, అక్కణ్నుంచి కింద ఉన్నదంతా కామెంటే అనుకుంది. స్పేస్ కొట్టండి. మీసాల బ్రాకెట్లకి కూడా ఇదే నియమం, అటూ ఇటూ ఖాళీ.

ప్రశ్న: ఫైల్ పెట్టాను, ఆట లిస్టులో కనపడట్లేదు. — అమీర్‌పేట

జవాబు: నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసుంటారు. పైకి ఆర్‌ఎమ్‌ఎస్ (మ్యాపు ఫైలుకి ఉండాల్సిన తోక) అని కనిపిస్తున్నా చివర టీఎక్స్‌టీ తోక ఉండుంటుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి ఆ తోక కోసేయండి. ఫైలు ఉండాల్సింది ఆట ఇన్‌స్టాల్ చేసిన చోట కాదు. మీ యూజర్ ఫోల్డర్లో గేమ్స్, అందులో ఆట పేరు, అందులో పొడవాటి అంకె పేరున్న ఫోల్డర్, దాన్లో రిసోర్సెస్, కామన్, చివరికి రాండమ్ మ్యాప్ స్క్రిప్ట్స్.

ప్రశ్న: చెరువులో చేపలు రెండు రకాల్లో ఏదో ఒకటి రావాలని 60 శాతం ఒకటి, 30 శాతం ఇంకోటి పెట్టాను. అప్పుడప్పుడు అసలు చేపలే ఉండవు. — మియాపూర్

జవాబు: 60, 30 కలిపితే 90. మిగతా పదికి మీరేమీ చెప్పలేదు, ఆ పది వచ్చినప్పుడు ఆట ఏమీ పెట్టదు. 30ని 40 చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏదో మ్యాపు తయారుచేసుకున్నాడండీ, దానికి ల్యాప్‌టాప్ ఆగిపోతోందని కొత్తది కొనమంటున్నాడు. నిజంగా అవసరమా? — ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కొనకండి అమ్మా, ముందు మ్యాపు సైజు ఏం పెట్టాడో అడగండి. లుడాక్రిస్ అంటాడు చూడండి. అది 480 టైల్స్ పొడవు, 480 వెడల్పు, అంటే 2,30,400 టైల్స్, టైనీకి సరిగ్గా పదహారు రెట్లు. దానిమీద ఎనిమిది మంది ఆటగాళ్లని పెడితే ఏ మామూలు ల్యాప్‌టాప్ అయినా ఆయాసపడుతుంది. 200 మ్యాపులో, నలుగురితో ఆడి చూడమనండి. అప్పటికీ ఆగిపోతే మళ్లీ రాయండి.

ప్రశ్న: చాట్‌బాట్‌తో స్క్రిప్ట్ రాయించాను, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. హుస్సేన్ సాగర్, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ మూడూ ఒకే లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశంలో) పెట్టింది. మ్యాపులో ఒక్క చెరువూ రాలేదు. — గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: రాదు. ఈ స్క్రిప్టులో ఇఫ్, ఎల్స్ ఉన్నాయి కానీ లూప్ అన్నది లేనే లేదు. మీ చాట్‌బాట్ తనకి అలవాటైన ప్రోగ్రామింగ్ భాషల్లోంచి తెచ్చి అతికించింది, ఆట తనకి తెలియని మాటని దాటుకుని పోయింది. ఫర్ అన్న లైన్ నుంచి దాని బ్రాకెట్ మూసేదాకా మొత్తం తీసేసి, ఒక్కో చెరువుకి ఒక్కో క్రియేట్ ల్యాండ్ విడిగా రాసుకోండి. హుస్సేన్ సాగర్ మూసీకి ఉత్తరాన కదా, ల్యాండ్ పొజిషన్ 30 60 వేస్తే నదికి కింది వైపు పడిందనుకోండి, 60 30 చేయండి. మీది కూడా కుతుబ్‌షాహీల మ్యాపు అయితే మిగతా రెండు చెరువులూ అసలు అక్కర్లేదు, అవి 1908 వరద తర్వాత కట్టినవి.