ఒక స్పీకర్ గొంతు తగ్గితే

కాజీపేట

బిడ్డా,

నీ గిటార్ ఆంప్‌లో ఎడమ స్పీకర్ గట్టిగా మోగుతోంది, కుడిది మూలుగుతోంది, కొత్తది కొనడానికి హైదరాబాద్ పోతానన్నావు. ఆగు. ఫోన్లో సగం వినబడలేదు కాబట్టి రాసి పంపుతున్నాను.

ముందు నీ చెవిని అనుమానించు. పన్నెండు అంగుళాల స్పీకర్ నుంచి వచ్చే సన్నని శబ్దం టార్చిలైటు వెలుగులా నేరుగా పోతుంది. ఎదురుగా ఉన్నవాడికి గుచ్చుకుంటుంది, పక్కవాడికి చేరదు. నువ్వేమో ఆంప్‌ను బీరువా సందులో ఇరికించావు. గది మధ్యకు లాగి, రెండింటికీ సరిగ్గా మధ్యన, చెవి వాటి ఎత్తుకు వచ్చేలా నేల మీద కూర్చుని విను. తేడా పోతే రైలు ఖర్చు మిగిలినట్టే.

పోకపోతే స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, వెనక పలక విప్పు. కుడి స్పీకర్ వైర్లు ఎడమదానికి, ఎడమవి కుడిదానికి పెట్టు. ప్లస్, మైనస్ తారుమారు కానీయకు. అవి తారుమారైతే విడివిడిగా బాగానే ఉంటాయి, కలిసి మోగినప్పుడు బేస్ మాయమవుతుంది. మళ్లీ ఆన్ చేసి విను. ఈసారి ఎడమది తగ్గితే తప్పు వైరుది. కుడిదే తగ్గి ఉంటే స్పీకర్‌ది. నా చేతికొచ్చిన వాటిలో ఎక్కువ వదులైన క్లిప్పులే. ప్లయర్‌తో కొద్దిగా నొక్కితే సరిపోయేది.

స్పీకరే అని తేలితే వెంటనే పారేయకు, వెనక అయస్కాంతం మీద ఎన్ని ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) అని రాసుందో చూడు. నీది సెకండ్ హ్యాండ్ కదా, నాకు అసలు అనుమానం అక్కడే. నేనూ ఒకసారి మోసపోయాను. క్రిస్మస్ ముందురోజు, పాడైన 8 ఓమ్స్ స్పీకర్‌కు బదులు ఒక దుకాణంలో 16 ఓమ్స్‌ది చేతిలో పెట్టి "అన్నీ ఒకటే" అన్నారు. నేనూ చూసుకోలేదు. రెండూ ప్యారలల్‌లో, అంటే దేని వైర్లు దానికి ఆంప్ నుంచి నేరుగా వచ్చేలా ఉన్నాయి. అలా కలిపితే 16 ఓమ్స్‌ది 8 ఓమ్స్‌ది తీసుకునే పవర్‌లో సగమే తీసుకుంటుంది. రాత్రంతా పాటలు ఒకవైపే మోగాయి. అదే సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలిపి ఉంటే తలకిందులయ్యేది, 16 ఓమ్స్‌దే రెట్టింపు లాగేది.

ఓమ్స్ ఒకటే అయినా, ఒకే పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే డెసిబెల్ (డీబీ) లెక్కలో ఒకటి 97 డీబీ, ఇంకోటి 100 డీబీ రకమైతే ఆ మూడు డీబీల తేడా పవర్ రెట్టింపు చేసినంత. అందుకే కొంటే అదే మోడల్ కొను. మల్టీమీటర్‌లో 8 ఓమ్స్ స్పీకర్ ఆరు, ఏడు చూపిస్తుంది, దానికి టెన్షన్ పడకు.

నీ దోస్త్ దగ్గరున్న రోలాండ్ జేసీ-120 ఆంప్‌తో మాత్రం పోల్చుకోకు. అందులో ఒక్కో స్పీకర్‌కు విడిగా 60 వాట్ల ఆంప్ ఉంటుంది. కోరస్ అనే ఎఫెక్ట్ వేస్తే రెండు స్పీకర్లూ వేరువేరుగానే వినిపించాలి.

నీది వాల్వుల (గాజు ట్యూబుల) ఆంప్ కదా, స్పీకర్ వైర్లు ఊడదీసి ఆన్ చేశావంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం మీటర్ పట్టుకుని వస్తాను. స్పీకర్ ముందరి కాగితం కోన్ చిరిగి కనిపించినా అప్పటిదాకా ఫెవిక్విక్ పోయకు.

ఇట్లు,
మీ పెద్దబాపు