ఓడ బాగుంది, ఒడ్డే కుదరలేదు

ప్రశ్న: సార్, 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలులకు విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’ను ప్లాస్టిక్ షీట్‌తో 1:200 స్కేల్‌లో చేశాను. థర్మోకోల్ మీద ప్లాస్టర్‌తో రాళ్లు పెట్టి, సముద్రానికి రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) ఒకేసారి పోశాను. వేడెక్కి థర్మోకోల్ కుంగిపోయింది, నిండా బుడగలు. ఇంట్లో అందరూ ఆటబొమ్మలా ఉందంటున్నారు. తేడా ఎక్కడ వచ్చింది?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మీరు పంపిన ఫొటోలు చూశాను. ఓడకు వంక పెట్టడానికి లేదు. తేడా అంతా చుట్టూ ఉన్న నేలలో, నీళ్లలో ఉంది. చాలామంది నెలల తరబడి ఓడ మీద కూర్చుని, ఒడ్డును ఒక్క ఆదివారంలో తేల్చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఓడ ఎంత పెద్దదో మన కంటికి చెప్పేది పక్కనున్న రాయి, అల.

లెక్క వేసి చూడండి. 1:200లో ఒక మిల్లీమీటరు అంటే 20 సెంటీమీటర్లు. మీరు చల్లింది ఇంటి పని ఇసుక. అందులో రెండు మిల్లీమీటర్ల గింజ మీ ఒడ్డున 40 సెంటీమీటర్ల బండ అయి కూర్చుంది. అలలు మూడు సెంటీమీటర్లు లేచాయి, అంటే ఆరు మీటర్లు! రెండంతస్తుల మేడంత. రెండు మీటర్ల అల చాలు, బేస్ మీద ఒక సెంటీమీటరు. ఇసుక కోసం వాల్ పుట్టీ పొడిలో కాస్త పసుపు, గోధుమ రంగు పొడులు కలిపి, తడి ఫెవికాల్ మీద టీ వడగట్టే జాలీతో చల్లండి.

ఇక రాళ్లు. మీ చేయి దుర్గం చెరువు, ఖాజాగూడ గుండ్లనే చెక్కింది. రోజూ చూసేవి అవే కదా! మనవి నున్నగా గుండ్రటి గ్రానైట్. విశాఖ కొండలది ఖోండలైట్ అనే రాయి. పొరలు పొరలుగా, తుప్పు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. నీళ్లు తగిలేచోట నల్లటి తడి వేయండి. దీనికి ఎండిన వేప బెరడును మించింది నాకు కనిపించలేదు. వేళ్లతో విరిస్తే పొరలు వాటంతటవే పైకి తేలతాయి. ముక్కలన్నిటి పొరలూ ఒకే వాలులో ఉండాలి, ఒక్కటి అడ్డం తిరిగినా అతికించినట్టు తెలిసిపోతుంది. సందుల్లో పుట్టీ, ఫెవికాల్ కలిపి నింపి, ఆరేలోపు పాత టూత్‌బ్రష్‌తో పొడవండి.

రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిస్తే వేడి పుడుతుంది. మందంగా పోస్తే ఆ వేడి బయటికి పోలేదు, అందుకే థర్మోకోల్ మెత్తబడింది. మన ఎండల్లో ఇంకా తొందరగా వేడెక్కుతుంది. మూడేసి మిల్లీమీటర్ల చొప్పున పొరలుగా పోయాలి. అసలు ఈ సీన్‌కి రెజిన్ వద్దంటాను. వాయుగుండం గాలికి కలకబారిన నీళ్లలో లోతు కనిపించదు. గట్టి ఫోమ్ షీట్‌లో అలలు కోసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో టిష్యూ పేపర్ పరిచి, ఆరాక అక్రిలిక్ రంగులు, పైన మెరిసే (గ్లాసీ) వార్నిష్ వేయండి. నురగకు దూది వాడకండి, పీచు కనిపిస్తుంది. తెల్ల రంగును పొడి బ్రష్‌తో అల అంచున అద్దితే చాలు.

ఓడను నీటి మీద పెట్టేశారు. బేస్‌ను ఓడ ఆకారంలో కోసి లోపలికి దించండి, ఓడకీ నీటికీ మధ్య సందు కనిపించకూడదు. సముద్రం వైపు నురగ ఎక్కువ, ఓడ చాటున తక్కువ.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. విశాఖలో ఐఎన్‌ఎస్ కురుసుర చూసొచ్చి, అలాంటిది చేస్తానని ఒకటే గొడవ. ఏ స్కేల్ మంచిది?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చేయనివ్వండమ్మా! ఆ సబ్‌మెరైన్ సుమారు 91 మీటర్లు, 1:350లో 26 సెంటీమీటర్లు వస్తుంది. చదువుకునే టేబుల్ మీద పడుతుంది. పైగా అది 2002 నుంచి ఆర్కే బీచ్‌లో ఇసుక ఒడ్డున మ్యూజియంగా ఉంది కాబట్టి సముద్రం చేసే పనే లేదు, పైన చెప్పిన పుట్టీ ఇసుక సరిపోతుంది. స్ప్రే డబ్బా మాత్రం థర్మోకోల్ మీద కొట్టనివ్వకండి, కరిగిపోతుంది. బ్రష్‌తో అక్రిలిక్ వేయించండి.