వరేనికీలు ఉడికేటప్పుడు విడిపోతుంటే పిండిని తిట్టకండి

ఉక్రెయిన్‌లోని విన్నిత్సియాలో మెడిసిన్ చదివేటప్పుడు తిన్న బంగాళదుంప వరేనికీలు (మైదా పిండిలో కూర పెట్టి, కజ్జికాయలా మడిచి నీళ్ళలో ఉడికించేవి) ఇంట్లో చేస్తుంటే నీళ్ళలో నోళ్ళు తెరుచుకుంటున్నాయి, పిండిలో గుడ్డు వెయ్యకపోవడం వల్లేనా అని ఒకరు అడిగారు.

కాదు. ఉక్రెయిన్‌లో క్రిస్మస్ ముందు రాత్రి (ఇప్పుడు డిసెంబరు 24, 2023కి ముందు జనవరి 6) స్వ్యాత్ వెచీర్ భోజనానికి పన్నెండు రకాలు వడ్డిస్తారు. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టుకోని ఉపవాస భోజనం అది. దుంప వరేనికీలు, క్యాబేజీ వరేనికీలు ఆ రోజు గుడ్డు లేని పిండితోనే చేస్తారు, ఒక్కటీ విడిపోదు. గుడ్డు వేస్తే పిండి బిగుసుకుని, అప్పడాల కర్రతో వత్తుతున్న కొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది, అంతే.

అరకిలో మైదాకి ఒక టీస్పూను ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల నూనె, సుమారు 250 మి.లీ. బాగా వేడి నీళ్ళు. మరిగి దించి ఒకటి రెండు నిమిషాలైన నీళ్ళు సరిపోతాయి. ముందు గరిటెతో కలిపి, చెయ్యి పెట్టగలిగినప్పుడు ఏడెనిమిది నిమిషాలు మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యండి. వేడి నీళ్ళకి పిండిలోని స్టార్చ్ కొంత ఉడికి మెత్తబడుతుంది, అందుకే ఈ పిండి సాగుతుంది కానీ వెనక్కి లాగదు. 2 మి.మీ. మందాన వత్తి, 7 సెం.మీ. గ్లాసుతో కొయ్యండి. 60కి పైగానే వస్తాయి.

అసలు దొంగ లోపలి కూర. తడి ఉంటే పిండిని లోపల్నుంచి నానబెడుతుంది, నూనె ఎక్కువైతే అంచుకి అంటుకుని అతుకు పడనివ్వదు. దుంపల్ని తొక్కతీసి, ముక్కలు కోసి కుక్కర్లో వేస్తే నీళ్ళు పీల్చేస్తాయి. తొక్కతోనే ఉడికించి, వేడిమీద ఒలిచి, ఖాళీ గిన్నెలో సన్నటి సెగ మీద రెండు నిమిషాలు ఆవిరి పోయేదాకా తిప్పండి. చలికాలంలో వచ్చే కొత్త దుంప వద్దు, నిల్వ దుంప కొనండి. చేత్తోనో పప్పుగుత్తితోనో మెదపండి, మిక్సీలో వేస్తే జిగురవుతుంది. పాలు పొయ్యొద్దు. ముప్పావు కిలో దుంపలకి రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి నూనెలో ఎర్రగా వేయించి, సగం ముక్కల్ని నూనె వడకట్టి కూరలో కలపండి. మిగతా సగం, ఆ నూనె పైన పొయ్యడానికి దాచండి. ఉప్పు, మిరియాల పొడి తప్ప ఇంకేం అక్కర్లేదు. పూర్తిగా చల్లారాకే పిండిలో పెట్టండి.

యూట్యూబులో కొందరు ఇందులో పచ్చిమిర్చి, గరం మసాలా, చీజ్ ముక్కలు వేసి ‘ఉక్రెయిన్ మోమో’ అని పేరు పెడుతున్నారు. మోమో వేరు, ఇది వేరు. రష్యావాళ్ళ పెల్మెనీతో కలిపెయ్యడం ఇంకా తప్పు. పెల్మెనీలో పచ్చి మాంసం పెట్టి ఉడికిస్తారు. వరేనికీలో ఎక్కువగా ముందే వండిన కూర, లేకపోతే సిర్ అనే పులిసిన పాల జున్ను, పళ్ళు పెడతారు.

ఇక అంచులు మూయడం. పొడిపిండి కింది వైపే ఉండాలి. పై వైపు, అంటే కూర పెట్టే వైపు చల్లితే అంచులు అతుక్కోవు. మధ్యలో ఒక టీస్పూను కూర పెట్టి మడిచి, ముందు నడినెత్తిన ఒక్కచోట నొక్కండి. అక్కణ్ణించి రెండు పక్కలకీ వేలితో గాలిని బయటికి తోసుకుంటూ వెళ్ళండి. లోపల మిగిలిన గాలి వేడికి ఉబ్బి, ఎక్కడ అతుకు పలచగా ఉందో అక్కడ చీలుస్తుంది. కజ్జికాయల చెక్క వాడితే గాలి లోపలే ఉండిపోతుంది, కాబట్టి చేత్తోనే చెయ్యండి. అంచు ఆరిపోతే తడివేలితో ఒకసారి రాయండి. నొక్కాక అంచుని కాస్త కాస్త మెలితిప్పుతూ జడలా అల్లితే మరీ గట్టి. చేసినవాటిని పిండి చల్లిన గుడ్డమీద, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. స్టీలు పళ్ళెంలో పెడితే అడుగు చెమర్చి, తీసేటప్పుడు చిరుగుతాయి.

వెడల్పు గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్ళు, 40 గ్రాముల ఉప్పు. విడతకి 15కి మించి వెయ్యొద్దు. వెయ్యగానే చెక్క గరిటె వెనకవైపుతో అడుగు అంటకుండా ఒకసారి కదపండి. పైకి తేలాక సెగ తగ్గించి రెండు మూడు నిమిషాలు ఉంచి, చిల్లుల గరిటెతో తీయండి. జల్లెడలో కుమ్మరిస్తే ఒకదాని బరువుకి ఇంకోటి చితుకుతుంది. వెంటనే వెన్న వేసి గిన్నె ఎగరేస్తూ కలపాలి. దాచిన ఉల్లిపాయ, పక్కన స్మెతానా అనే పుల్లటి క్రీము (ఉపవాసం రోజైతే వెన్న, స్మెతానా రెండూ ఉండవు, ఉల్లి నూనె ఒక్కటే). స్మెతానాకి 200 మి.లీ. ఫ్రెష్ క్రీములో స్పూను పెరుగు తోడేసి రాత్రంతా ఉంచితే చాలు.

జున్ను వరేనికీకి పనీర్ పనికిరాదు, రబ్బరులా ఉంటుంది. అక్కడి సిర్ పులిసిన పాలతో చేస్తారు. పెరుగుని సన్నటి సెగమీద, మరగనివ్వకుండా, తేట వేరయ్యేదాకా వేడిచేసి, గుడ్డలో రాత్రంతా వేలాడదీయండి. అరకిలో సిర్‌కి ఒక పచ్చసొన, రెండు స్పూన్ల పంచదార. ఇంకా తడిగా ఉంటే స్పూను బొంబాయి రవ్వ. చెర్రీ వాటికి పుల్లటి చెర్రీ కావాలి. మన బేకరీ కేకుల మీద ఉండే ఎర్రవి చాలావరకు పాకంలో ఊరిన వాక్కాయలు, వాటి జోలికి పోవద్దు. ఫ్రోజెన్ దొరికితే రసం వడకట్టి, మూడు నాలుగు పళ్ళు పెట్టి, మూసే ముందే పైన అర టీస్పూను పంచదార, చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లండి. పంచదార ముందే కలిపితే రసం ఊరి మళ్ళీ అదే కథ.

ఇంత చేసినా అతుకు కుదరకపోతే ఉక్రెయిన్‌లోని పోల్తావా ప్రాంతపు పద్ధతికి మారండి. 250 మి.లీ. మజ్జిగలో అర టీస్పూను వంటసోడా, ఉప్పు వేసి, పట్టినంత మైదాతో (450 గ్రాముల పైచిలుకు) మెత్తగా కలిపి, అర సెంటీమీటరు మందాన వత్తండి. గిన్నెకి వాసెన కట్టి, దాని మీద ఎడంగా పేర్చి, మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు ఆవిరి పట్టించండి. ఇవి పొంగుతాయి, అందుకే ఎడం. మరుగుతున్న నీళ్ళ కుదుపు ఉండదు కనుక విడిపోయే భయం తక్కువ.

మిగిలినవి పచ్చివే ట్రేలో విడివిడిగా ఫ్రీజ్ చేసి, గట్టిపడ్డాక సంచిలో వేసుకోండి. వండేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్ళలోకి.